ప్రమాదబాధితులు - వకీలు ఎంపిక: చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నేపథ్యంలో చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రోడ్డు ప్రమాదంలో మనిషిని కోల్పోయిన కుటుంబం, లేదా అవయవాన్ని కోల్పోయిన మనిషి న్యాయస్థానానికి వెళ్లేటప్పుడు మొదట తీసుకునే నిర్ణయం వకీలు ఎంపిక. ఈ ఎంపిక పూర్తిగా వ్యక్తిగతమైనదిగా కనిపిస్తుంది. కాని దాని వెనుక రెండు శతాబ్దాల చట్టచరిత్ర ఉంది. ఎవరు వకీలు కావచ్చు, ఎంత ఫీజు తీసుకోవచ్చు, దావా ఏ ఊరి కోర్టులో వేయాలి, పరిహారం ఎవరి చేతికి అందాలి అన్న నాలుగు ప్రశ్నలకు వేర్వేరు కాలాల్లో వచ్చిన సమాధానాలే ఈనాటి ఎంపికను నిర్దేశిస్తున్నాయి. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల నేపథ్యంలో ఆ పరిణామాన్ని పరిశీలించి, బాధితుల ఎంపికకు ఆధారం కాగల ప్రమాణాలను గుర్తించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: వకీలు, నష్టపరిహారం, మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్, దళారి, వాటా ఫీజు, న్యాయసేవాధికార సంస్థ, చిత్తూరు, తిరుపతి.

1. ఉపోద్ఘాతం:

దక్షిణ రాయలసీమ దారుల కూడలి. చెన్నై, బెంగళూరు నగరాలను కలిపే దారుల్లో కొన్ని చిత్తూరు, పలమనేరుల మీదుగా సాగుతాయి. తిరుమల యాత్రికుల వాహనాలు ఏడాది పొడవునా ఈ రోడ్ల మీద తిరుగుతుంటాయి. పలమనేరు దారిలోని మొగిలి ఘాట్, మదనపల్లె దారిలోని భాకరాపేట ఘాట్ ప్రమాదవార్తల్లో తరచుగా వినిపించే పేర్లు. 2017 ఏప్రిల్ 21న ఏర్పేడు పోలీసుస్టేషను ఎదుట నిరసన తెలుపుతున్న రైతుల మీదికి లారీ దూసుకువచ్చిన ఘటనను, 2022 మార్చి 26 రాత్రి నిశ్చితార్థానికి ధర్మవరం నుంచి వస్తున్న బస్సు భాకరాపేట ఘాట్‌లో లోయలో పడిన ఘటనను ఈ ప్రాంతం మరిచిపోలేదు.

ఇలాంటి ఘటనల్లో వార్త ముగిసిన చోట వ్యాజ్యం మొదలవుతుంది. సంపాదించే మనిషి పోయిన ఇంటికి ఆ వ్యాజ్యమే తరువాతి పదిహేనేళ్ల బతుకుతెరువు కావచ్చు. దాన్ని నడిపే మనిషిని ఎంచుకోవలసింది మాత్రం ఆ కుటుంబం దుఃఖంలో, అప్పుల్లో, ఆసుపత్రి వరండాల్లో ఉన్న సమయంలోనే. నష్టపరిహార చట్టాల మీద న్యాయశాస్త్ర గ్రంథాలు అనేకం ఉన్నాయి. వకీలును ఎంచుకునే సామాన్యుని వైపు నుంచి ఆ చట్టాల చరిత్రను చదవడం ఈ వ్యాసంలో అనుసరించిన పద్ధతి.

2. వకీలు, ప్లీడరు, న్యాయవాది - పదాల వెనుక చరిత్ర:

తెలుగులో ఈ వృత్తికి మూడు పేర్లు వాడుకలో ఉన్నాయి. 'వకీలు' అరబీ మూలం గల మాట. పారశీకం ద్వారా పాలనాభాషలోకి, అక్కడి నుంచి తెలుగులోకి వచ్చింది. ఒకరి తరఫున నిలబడే ప్రతినిధి అని దాని అర్థం. 'వకాలతు' ఆ ప్రతినిధిత్వాన్ని అప్పగించే పత్రం. 'ప్లీడరు' ఆంగ్లపాలన ఇచ్చిన మాట. 'న్యాయవాది' సంస్కృత సమాసం. మొదటి పదంలో కక్షిదారుతో సంబంధం, రెండవ దానిలో కోర్టులో వాదించే పని, మూడవ దానిలో న్యాయమనే ఆదర్శం ప్రధానం. బాధితుని దృష్టిలో ఈ మూడింటిలో తొలి అర్థమే కీలకమైనది. వకాలతు మీద సంతకం చేయడమంటే తన మాటను మరొకరి నోటికి అప్పగించడం.

చిత్తూరు 19వ శతాబ్ది తొలి దశకాల నుంచే కోర్టు పట్టణం. ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగంగా ఉన్న ఈ ప్రాంతంలో మద్రాసు ప్రెసిడెన్సీ నిబంధనలు అమలయ్యేవి. 1846 నాటి మొదటి చట్టం ప్లీడరు వృత్తిని జాతి, మత భేదం లేకుండా అర్హులందరికీ తెరిచింది. ఫీజును కక్షిదారు, ప్లీడరు పరస్పరం కుదుర్చుకోవచ్చునని కూడా అదే చట్టం అనుమతించింది. ఫీజు విషయంలో బేరసారాలకు చట్టబద్ధత ఇక్కడే మొదలైంది. 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం వకీలు, ప్లీడరు, ముక్తారు, రెవిన్యూ ఏజెంటు అనే అంతరాలను క్రమబద్ధం చేసింది. గ్రామీణుడు ఎవరి దగ్గరికి వెళ్లాలన్నది అతని వ్యాజ్యం ఏ మెట్టు కోర్టులో ఉందన్న దాని మీద ఆధారపడేది.

ఈ ప్రాంతం నుంచి ప్రసిద్ధులైన వకీళ్లు వచ్చారు. చిత్తూరు సమీపంలోని కట్టమంచికి చెందిన పనప్పాకం ఆనందాచార్యులు మద్రాసు హైకోర్టు వకీలుగా పేరుపొంది, 1891 నాగపూరు కాంగ్రెసు మహాసభకు అధ్యక్షత వహించారు. 1891లో తిరుచానూరులో జన్మించిన మాడభూషి అనంతశయనం అయ్యంగారు దశాబ్దాలపాటు ప్లీడరుగా పనిచేసి, తరువాత లోక్‌సభ స్పీకరు అయ్యారు. వకీలు ప్రజాజీవితంలో పెద్దమనిషిగా గౌరవం పొందిన కాలమది.

ఆ గౌరవం పక్కనే అనుమానమూ పెరిగింది. గురజాడ 'కన్యాశుల్కం'లో వ్యాజ్యాలతో బతికే రామప్పంతులు, నిజాయితీ గల వకీలు సౌజన్యారావు పంతులు ఒకే నాటకంలో ఎదురెదురుగా నిలుస్తారు. స్వయంగా న్యాయవాది అయిన రాచకొండ విశ్వనాథశాస్త్రి కోర్టుల లోపలి ప్రపంచాన్ని 'ఆరు సారా కథలు'లో చిత్రించారు. ఏ వకీలును నమ్మాలన్న సందేహం తెలుగు సమాజానికి కొత్తది కాదని ఈ రచనలు సూచిస్తాయి.

3. ప్రాణనష్టానికి పరిహారం - 1855 నుంచి 1956 వరకు:

మనిషి మరణిస్తే అతని వ్యక్తిగత దావా అతనితోనే పోతుందన్నది పాత ఆంగ్ల న్యాయసూత్రం. ఇంగ్లండులో 1846 చట్టం దాన్ని మార్చింది. భారతదేశంలో దానికి అనుసరణగా 1855లో ఫాటల్ యాక్సిడెంట్స్ చట్టం వచ్చింది. ఇతరుల తప్పు వల్ల మరణించిన వ్యక్తి భార్య, భర్త, తల్లిదండ్రులు, సంతానం నష్టపరిహారం కోరవచ్చునని అది నిర్దేశించింది. అయితే దావా మామూలు సివిల్ కోర్టులోనే వేయాలి. కోర్టు రుసుము చెల్లించాలి. ఎదుటివాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయాలి. గెలిచినా ఆ వాహనదారు దగ్గర డబ్బు లేకపోతే డిక్రీ కాగితంగానే మిగిలేది. పల్లెలోని కూలి కుటుంబానికి ఈ హక్కు పుస్తకంలోని హక్కు మాత్రమే.

1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడింది. 1923 నాటి కార్మిక పరిహార చట్టం పనిలో గాయపడినవారికి యజమాని తప్పును రుజువు చేయనక్కరలేని మార్గాన్ని చూపింది. 1939 మోటారు వాహనాల చట్టం మూడవ పక్షానికి బీమాను తప్పనిసరి చేసింది. ఆ అధ్యాయం 1946 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. ప్రమాద వ్యాజ్యాల స్వభావాన్ని మౌలికంగా మార్చిన ఘట్టమిది. అప్పటి నుంచి బాధితునికి ఎదురుగా నిలిచింది లారీ యజమాని ఒక్కడే కాదు, అనుభవజ్ఞులైన న్యాయవాదులు గల బీమా సంస్థ కూడా. పరిహారం వసూలయ్యే అవకాశం పెరిగింది. దానితోపాటు తన వైపు కూడా అంతే నైపుణ్యం గల వకీలు అవసరమయ్యాడు.

4. ఘాట్ రోడ్డు, బస్సు, ట్రిబ్యునల్:

1944లో తిరుమల మొదటి ఘాట్ రోడ్డు ప్రారంభమైంది. కాలినడక యాత్ర మోటారు యాత్రగా మారసాగింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర రోడ్డు రవాణా సంస్థ ఏర్పడింది. రోడ్డు మీద వాహనాలు పెరిగేకొద్దీ సివిల్ దావా పద్ధతి చాలదని దేశమంతటా స్పష్టమైంది. 1956లో జరిగిన సవరణ మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లను ఏర్పాటు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా న్యాయమూర్తులే ట్రిబ్యునల్ బాధ్యతను నిర్వహించే పద్ధతి స్థిరపడింది. కోర్టు ఆవరణల్లో 'ఎం.వి.ఓ.పి.' అని వ్యవహరించే అర్జీలు ఈ ట్రిబ్యునల్ ముందుకు వచ్చేవే. చిత్తూరు, తిరుపతి, మదనపల్లెలలోని జిల్లా, అదనపు జిల్లా న్యాయస్థానాలు వీటిని విచారిస్తాయి.

1982 సవరణతో తప్పుతో నిమిత్తం లేని తక్షణ పరిహారం చట్టంలో చేరింది. అప్పుడు మరణానికి 15,000 రూపాయలు, శాశ్వత వైకల్యానికి 7,500 రూపాయలు. 1989 జూలై 1 నుంచి అమలైన 1988 మోటారు వాహనాల చట్టం దీన్ని 25,000, 12,000లకు, 1994 సవరణ 50,000, 25,000లకు పెంచాయి. 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న నిబంధన ప్రకారం తప్పును రుజువు చేయకుండా మరణానికి 5 లక్షలు, తీవ్రగాయానికి రెండున్నర లక్షలు పొందవచ్చు. గుద్ది పారిపోయిన వాహనం ఆచూకీ తెలియకపోయినా మరణానికి 2 లక్షలు, తీవ్రగాయానికి 50,000 రూపాయలు లభిస్తాయి.

ఈ అంకెలు వకీలు ఎంపికకు నేరుగా సంబంధించినవి. తప్పుతో నిమిత్తం లేని స్థిరమొత్తాన్ని కోరాలా, నిర్లక్ష్యాన్ని రుజువు చేసి పూర్తి పరిహారం కోరాలా అన్నది వ్యాజ్యం మొదటి మలుపు. లారీ క్లీనరు, డ్రైవరు వంటి ఉద్యోగులు కార్మిక పరిహార మార్గంలో వెళ్లాలా, మోటారు వాహనాల చట్టం కింద వెళ్లాలా ఎంచుకోవాలి. ఒకటి ఎంచుకుంటే రెండవది మూసుకుపోతుంది. ఈ తేడాను అర్జీ వేయకముందే కక్షిదారుకు వివరించడం వకీలు తొలి కర్తవ్యం. వివరించకుండానే సంతకాలు తీసుకునేవాడు అక్కడే పరీక్షలో తప్పినట్లు.

5. ఏ ఊరి కోర్టు? - 1994 సవరణ ప్రాధాన్యం:

సరిహద్దు జిల్లా ప్రజలకు ఈ ప్రశ్న ప్రత్యేకమైనది. చిత్తూరు జిల్లాకు తమిళనాడు, కర్ణాటక రెండూ పొరుగు రాష్ట్రాలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో కలిసింది. నిన్నటిదాకా సొంత జిల్లాగా ఉన్న రోడ్డు మరునాటి నుంచి పొరుగు రాష్ట్రపు రోడ్డు అయింది. ప్రమాదం జరిగిన ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే అర్జీ వేయాలన్న నియమం అప్పటి చట్టంలో ఉండేది. ఆ లెక్కన రాణిపేట దగ్గర గాయపడిన చిత్తూరువాసి తమిళనాడులో, ముళబాగిలు దగ్గర గాయపడిన పలమనేరువాసి కర్ణాటకలో వకీలును వెతుక్కోవలసి వచ్చేది. భాష వేరు, పరిచయాలు లేవు, వాయిదాకొకసారి ప్రయాణఖర్చు. ఇలాంటి స్థితిలో ఎంపిక అనే మాటకే అర్థం ఉండదు. ఎవరో చూపినవాడే వకీలు.

1994 నవంబరు 14 నుంచి అమలైన సవరణ బాధితుడు నివసించే చోట, వృత్తి చేసుకునే చోట కూడా అర్జీ వేయవచ్చునని అనుమతించింది. అర్జీకి ఉన్న గడువును కూడా తొలగించింది. కాగితం మీద చిన్న మార్పే. కాని బెంగళూరు కట్టడాల పనికి వెళ్లి ప్రమాదానికి గురైన కుప్పం కూలి, తన జిల్లాలోనే తన భాష తెలిసిన వకీలును విచారించి ఎంచుకునే అవకాశాన్ని అది మొదటిసారి ఇచ్చింది. 2019 సవరణ ద్వారా ఆరు నెలల గడువు మళ్లీ చేరి 2022 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. ఈ గడువు నిబంధన సుప్రీంకోర్టులో సవాలుకు గురైంది. ఏమైనా, ఆలోచించి ఎంచుకోవడానికి బాధితునికి ఉన్న కాలం తగ్గింది. తొందర పెరిగిన చోట దళారికి పని పెరుగుతుంది.

6. దళారి - చట్టం గుర్తించిన పాత్ర:

వకీలుకు కేసులు తెచ్చి ప్రతిఫలం పుచ్చుకునే మధ్యవర్తిని వలసపాలన కాలంలోనే చట్టం నిర్వచించింది. 1879 చట్టంలో అనంతరం చేరిన నిబంధనలు అలాంటివారి జాబితాలను తయారుచేసి కోర్టులో ప్రకటించే అధికారాన్ని న్యాయమూర్తులకు ఇచ్చాయి. ఆ చట్టాన్ని రద్దుచేస్తూ, దళారుల నిషేధాన్ని మాత్రం 1961 అడ్వొకేట్స్ చట్టంలోకి తెచ్చిన 2023 సవరణ 2024 సెప్టెంబరు 30 నుంచి అమలులోకి వచ్చింది. శతాబ్దం దాటినా అదే నిబంధనను తిరిగి రాయవలసి రావడమే ఆ సమస్య ఎంత లోతైనదో చెబుతుంది.

దళారి ఎందుకు నిలదొక్కుకున్నాడు? భారత బార్ కౌన్సిల్ నియమావళిలోని 36వ నియమం న్యాయవాది ప్రకటనలు ఇవ్వడాన్ని, కేసుల కోసం మనుషులను పంపడాన్ని నిషేధించింది. 2008లో చేసిన సవరణ పేరు, చిరునామా, అర్హత, పనిచేసే రంగం వంటి పరిమిత వివరాలను వెబ్‌సైట్‌లో ఉంచేందుకు అనుమతించింది. వృత్తి గౌరవాన్ని కాపాడే ఈ నియమానికి అనుకోని ఫలితం ఒకటి ఉంది. ఎవరు ప్రమాద కేసుల్లో అనుభవం గలవారో తెలుసుకునే బహిరంగ మార్గం గ్రామీణునికి లేదు. ఆ ఖాళీలోనే ఆసుపత్రి దగ్గరి పరిచయస్థుడు, స్టేషను దగ్గరి మనిషి, ఊరి చిన్న నాయకుడు ప్రవేశిస్తారు. అతను చూపే వకీలు మంచివాడే కావచ్చు. అయితే ఆ సిఫారసుకు కారణం వకీలు సామర్థ్యమా, తనకు ముట్టే కమిషనా అన్నది బాధితునికి తెలియదు.

దీని విపరీత రూపం ఉత్తరప్రదేశ్‌లో బయటపడింది. అక్కడ నకిలీ ప్రమాద కేసుల మీద 2015లో అలహాబాదు హైకోర్టు ప్రత్యేక దర్యాప్తుకు ఆదేశించగా, తరువాత సుప్రీంకోర్టు కూడా ఆ విషయాన్ని పరిశీలించింది. అబద్ధపు కేసుల వల్ల నష్టపోయేది బీమా సంస్థ మాత్రమే కాదు. ప్రతి నిజమైన బాధితుడూ అనుమానపు చూపును ఎదుర్కోవలసి వస్తుంది.

7. వాటా ఫీజు - నిషేధం, ఆచరణ:

అమెరికాలో గాయాల కేసుల న్యాయవాదులు గెలిచిన మొత్తంలో వాటాను ఫీజుగా తీసుకోవడం చట్టబద్ధం. భారతదేశంలో పరిస్థితి వేరు. వ్యాజ్యంలో వాటాకోసం పెట్టుబడి పెట్టడాన్ని నిషేధించే ఆంగ్లసూత్రం ఇక్కడ యథాతథంగా వర్తించదని 1876లో ప్రివీ కౌన్సిల్ చెప్పింది. అన్యాయమైన ఒప్పందాలు చెల్లవని కూడా అదే తీర్పు హెచ్చరించింది. కాని ఆ వెసులుబాటు న్యాయవాదులకు లేదు. ఫలితాన్ని బట్టి ఫీజు నిర్ణయించుకోవడాన్ని, వచ్చిన మొత్తంలో వాటా పంచుకోవడాన్ని బార్ కౌన్సిల్ 20వ నియమం స్పష్టంగా నిషేధించింది.

ఈ నియమానికి ప్రాణం పోసిన తీర్పు తెలుగు నేల మీది మోటారు ప్రమాద కేసు నుంచే వచ్చింది. 1998లో రోడ్డు ప్రమాదంలో భర్తను కోల్పోయిన ఒక మహిళకు పరిహారం లభించింది. ఆమె కథనం ప్రకారం న్యాయవాదికి 10 లక్షల రూపాయలు ఫీజుగా చెల్లించింది. అయినా మరో 3 లక్షలకు చెక్కు మీద సంతకం చేయవలసి వచ్చింది. వచ్చిన మొత్తంలో 16 శాతం ఫీజు అన్నది న్యాయవాది వాదన. చెక్కు చెల్లలేదు. న్యాయవాది ఆమె మీద క్రిమినల్ ఫిర్యాదు చేశాడు. పరిహారం కోసం కోర్టుకెక్కిన వితంతువు చివరికి నిందితురాలి స్థానంలో నిలబడింది. తెలంగాణ రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న ఆ కేసులో 2017 డిసెంబరు 5న సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును కొట్టివేసింది. పరిహారంలో శాతాన్ని ఫీజుగా కోరడం ప్రజావిధానానికి విరుద్ధమని, వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని ప్రకటించింది. ఫీజుల నియంత్రణకు చట్టం అవసరమని సూచించింది.

అయితే నిషేధం ఒక్కటే సమాధానం కాదు. ముందుగా ఫీజు చెల్లించలేని కుటుంబం 'వచ్చినాక చూసుకుందాం' అన్న మాటకే మొగ్గుతుంది. తీర్పు దాకా సొంత ఖర్చుతో కేసు నడిపే వకీలు అలాంటి కుటుంబాలకు ఆదరువు కూడా. వాటా ఒప్పందానికి మూలం అత్యాశ మాత్రమే కాదు, పేదరికం కూడా. అందుకే దాని బరువును అంకెల్లో చూడటం అవసరం.

8. వకీలు సామర్థ్యానికి కొలత - రుజువు:

పరిహారం లెక్కకట్టే పద్ధతిని సుప్రీంకోర్టు 2009 నాటి ఢిల్లీ రవాణా సంస్థ కేసులో, 2017 అక్టోబరు 31 నాటి నేషనల్ ఇన్సూరెన్స్ కంపెనీ కేసులో స్థిరపరిచింది. ఊహాత్మకంగా ఒక ఉదాహరణ చూడవచ్చు. 32 ఏళ్ల తాపీమేస్త్రీ ప్రమాదంలో మరణించాడు. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీద ఆధారపడ్డారు. నెలసంపాదన 12,000 రూపాయలు. సంవత్సరానికి 1,44,000. స్వయం ఉపాధిలో ఉన్న నలభై ఏళ్లలోపువారికి భవిష్యత్తు పెరుగుదల 40 శాతం కలిపితే 2,01,600. సొంత ఖర్చుకింద నాల్గవ వంతు తీసివేస్తే 1,51,200. ఆ వయసుకు గుణకం 16. ఆధారం కోల్పోయినందుకు పరిహారం 24,19,200 రూపాయలు. దీనికి అంత్యక్రియల వంటి స్థిరపద్దులు అదనం.

ఇదే కేసులో సంపాదనకు సరైన సాక్ష్యం లేక ట్రిబ్యునల్ నెలకు 8,000గా ఊహిస్తే వచ్చేది 16,12,800. తేడా 8,06,400 రూపాయలు. ఈ తేడా వాగ్ధాటి వల్ల వచ్చేది కాదు. పనిచేయించిన కాంట్రాక్టరును సాక్షిగా తేవడం, బ్యాంకు పుస్తకాన్ని, కూలి చెల్లింపుల కాగితాలను దాఖలు చేయడం వల్ల వచ్చేది. అలాగే 20 శాతం వాటాకు ఒప్పుకుంటే 24,19,200లో పోయేది 4,83,840. ఆ కుటుంబానికి లెక్కగట్టిన ఏడాది ఆధారం 1,51,200 కాబట్టి, వాటాగా పోయింది మూడేళ్ల రెండు నెలలకు పైబడిన తిండి.

గాయపడినవారి విషయంలో నైపుణ్యం ఇంకా అవసరం. వైద్యులు చెప్పే వైకల్యశాతం వేరు, సంపాదనాశక్తిలో నష్టం వేరు అని 2010లో సుప్రీంకోర్టు విశదీకరించింది. చెయ్యి కోల్పోయిన డ్రైవరుకు, అదే నష్టం జరిగిన గుమాస్తాకు ఫలితం ఒకటి కాదు. శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారుని వేళ్లకు తగిలిన గాయం, మదనపల్లె టమాటా మార్కెట్టు హమాలీ మోకాలికి తగిలిన గాయం కాగితం మీద తక్కువ శాతంగా కనిపించవచ్చు. వారి వృత్తిరీత్యా అవి జీవనాధారాన్నే తీసివేయగలవు. ఆ సంగతిని చికిత్స చేసిన వైద్యుని సాక్ష్యంతో ట్రిబ్యునల్ ముందు పెట్టగలవాడే సరైన వకీలు. గృహిణి శ్రమకు కూడా విలువకట్టాలని 2021 జనవరిలో ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసులో సుప్రీంకోర్టు పునరుద్ఘాటించింది. 'ఆమెకు సంపాదన లేదు కదా' అని అర్జీలోనే తగ్గించి రాసే వకీలు చట్టం ఎదిగిన దూరాన్ని గమనించనట్లే.

9. ఉచిత న్యాయసహాయం - అందుబాటులో ఉన్న మరో మార్గం:

1987 న్యాయసేవాధికార సంస్థల చట్టం 1995 నవంబరు 9 నుంచి అమలులోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, వికలాంగులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయానికి అర్హులు. ప్రమాదంలో భర్తను కోల్పోయిన భార్య, తండ్రిని కోల్పోయిన బిడ్డలు ఈ వర్గాల్లోకే వస్తారు. అంటే పరిహార వ్యాజ్యం వేసే కుటుంబాల్లో అధికభాగానికి ప్రభుత్వ ఖర్చుతో వకీలు లభించే హక్కు ఉంది. జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, మండలస్థాయి కమిటీని గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు. వాటా ఫీజుకు చట్టం సిద్ధం చేసిన ప్రత్యామ్నాయం ఇదే. దీని సమాచారం ఆసుపత్రిలో బాధితుని మంచం దాకా దళారికన్నా ముందు చేరడం లేదన్నది అసలు లోపం.

ఈ చట్టం కిందనే లోక్ అదాలత్ రాజీలు జరుగుతాయి. త్వరగా డబ్బు అందడం దాని మేలు. అక్కడి అవార్డు మీద అప్పీలు లేకపోవడం దాని షరతు. రాజీమొత్తం పైన చూపిన లెక్కకు ఎంత దూరంలో ఉందో ముందుగా చెప్పి, నిర్ణయాన్ని కక్షిదారుకు వదిలే వకీలు నమ్మదగినవాడు.

10. ఎంపికకు చారిత్రక అనుభవం ఇచ్చే ప్రమాణాలు:

పై పరిశీలన నుంచి కొన్ని ప్రమాణాలు స్పష్టమవుతాయి. మొదటిది, పరిచయం చేసిన వ్యక్తికి ఆ కేసులో ఏ లాభం ఉందో విచారించడం. రెండవది, వకీలు బార్ కౌన్సిల్ నమోదును, ఎం.వి.ఓ.పి.లలో సాక్షులను విచారించిన అనుభవాన్ని తెలుసుకోవడం. మూడవది, అదే బీమా సంస్థ తరఫున ఆయన పనిచేస్తున్నారా అని అడగడం. నాల్గవది, ఎఫ్.ఐ.ఆర్., చార్జిషీటు, గాయాల ధ్రువపత్రం లేదా శవపరీక్ష నివేదిక, మోటారు వాహన తనిఖీ అధికారి నివేదిక, బీమా పాలసీ వంటి పత్రాల గురించి మొదటి భేటీలోనే అడుగుతున్నారా అని గమనించడం. అయిదవది, ఫీజును నిర్దిష్ట మొత్తంగా రాతపూర్వకంగా కుదుర్చుకుని రసీదు పొందడం. ఆరవది, ఖాళీ కాగితాల మీద, చెక్కుల మీద సంతకాలు చేయకపోవడం.

డబ్బు చేతికందే ఘట్టంలో కూడా న్యాయస్థానాలు కొన్ని రక్షణలు కల్పించాయి. నిరక్షరాస్యుల, మైనర్ల పరిహారాన్ని బ్యాంకు డిపాజిట్లుగా ఉంచి, వడ్డీని నేరుగా వారికే అందించాలని కేరళ ఆర్టీసీ కేసులో సుప్రీంకోర్టు సూచించింది. పరిహారాన్ని బాధితుల బ్యాంకు ఖాతాలోకి నేరుగా బదిలీ చేయాలని 2025 మార్చిలో ఆదేశించింది. ఖాతా, పాసుపుస్తకం, ఏటీఎం కార్డు తన దగ్గరే ఉంచుకోవడం బాధితుని ఏడవ జాగ్రత్త. వకీలును మార్చుకునే హక్కు కక్షిదారుకు ఉంది. ఫీజు బాకీ పేరుతో కేసు కాగితాలను ఆపివేసే హక్కు న్యాయవాదికి లేదని 2000లో సుప్రీంకోర్టు తేల్చింది. అయితే న్యాయవాది సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి రావని 2024 మే 14న అదే న్యాయస్థానం ప్రకటించింది. దుష్ప్రవర్తన మీద బార్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. కాని పోయిన కాలం తిరిగిరాదు. అందువల్ల ఎంపిక దశలోనే జాగ్రత్తపడవలసిన అవసరం మునుపటికంటే పెరిగింది.

11. ముగింపు:

* వకీలు ఎంపిక వ్యక్తిగత అదృష్టానికి సంబంధించినది కాదు. 1846 నుంచి ఫీజు స్వేచ్ఛ, 1879 నుంచి దళారి నియంత్రణ, 1946 నుంచి బీమా, 1994 నుంచి సొంత ఊరి ట్రిబ్యునల్ దాన్ని దశలవారీగా రూపొందించాయి.
* సరిహద్దు ప్రాంతమైన చిత్తూరుకు వీటిలో 1994 సవరణ అత్యంత ప్రధానమైనది. బాధితుడు తన భాషలో విచారించి వకీలును ఎంచుకునే వీలు దానితోనే కలిగింది.
* ప్రకటనల నిషేధం వృత్తి గౌరవాన్ని కాపాడింది. సమాచారపు ఖాళీని మాత్రం దళారికి వదిలింది. ఆ ఖాళీని పూరించవలసినది న్యాయసేవాధికార సంస్థలు, ప్రభుత్వ ఆసుపత్రులు, పోలీసుస్టేషన్లు.
* వాటా ఫీజును చట్టం నిషేధించినా, దానికి మూలమైన పేదరికానికి సమాధానం ఉచిత న్యాయసహాయమే. స్త్రీలకు, పిల్లలకు అది ఇప్పటికే హక్కుగా ఉంది.
* వకీలు సామర్థ్యాన్ని కొలవవలసింది పేరుప్రతిష్ఠలతో కాదు, సంపాదనను, వైకల్యాన్ని, నిర్లక్ష్యాన్ని రుజువు చేయడానికి ఆయన చేసే శ్రమతో.

చిత్తూరు, తిరుపతి న్యాయస్థానాల్లోని ఎం.వి.ఓ.పి. తీర్పులను బాధితుల వృత్తి, స్త్రీపురుష భేదం, తీర్పుకు పట్టిన కాలం, చివరికి చేతికందిన మొత్తం దృష్ట్యా పరిశీలించడానికి విస్తృతమైన అవకాశం ఉంది. వకాలతు మీద వేలిముద్ర వేసిన మనిషికి ఆ కాగితంలో ఏముందో తెలిసే భాషలో న్యాయసాహిత్యం రావడం కూడా తెలుగు పరిశోధన స్వీకరించదగిన బాధ్యత.